మీరా హుస్సేన్ పట్టకారు

సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో మీరా హుస్సేన్ పేరు తెలియనివాళ్ళు ఆ రోజుల్లో తక్కువ. తెలిసినవాళ్ళలో సగంమంది ఆ పేరు చెప్పి నవ్వేవాళ్ళు కూడా. మనిషి చదివింది అయిదో తరగతి, చేసేది వెల్డింగు. ఊరి మొదట్లో రేకుల షెడ్డు వేసుకుని నాగళ్ళకీ, బండి ఇరుసులకీ, మందు కొట్టే స్ప్రేయర్లకీ అతుకులు వేసేవాడు. అంతటితో ఊరుకుంటే భార్య నజీరాకి ఏ బాధా ఉండేది కాదు.

కానీ ఆ బుర్ర ఊరుకునే బుర్ర కాదు. మిరప కల్లంలో పిట్టల్ని తోలడానికి గాలికి తిరిగి మోగే డబ్బాల గిలక కట్టాడు. అది పిట్టల్ని తోలింది, పక్క కల్లంలో ఎడ్లని కూడా తోలేసింది. మిరపకాయల తొడిమలు తీయడానికి సైకిలు పెడళ్ళతో ఒక యంత్రం చేశాడు. తొడిమలు ఊడలేదు గానీ కాయలు పొడైపోయి, వీధి వీధంతా సాయంత్రం దాకా తుమ్మింది. నజీరా తుమ్ముతూ తిట్టింది, తిడుతూ తిడుతూ నవ్వేసింది. ఆ నవ్వే తన కొంప ముంచిందని తర్వాత చాలాసార్లు అనుకుంది. ఆమె నవ్విందంటే చాలు, ఆయన ఇంకోటి మొదలుపెట్టేవాడు.

ఎనభై మూడులో పత్తి కట్టె మీద పడ్డాడు. ఆఖరి ఏరుడు అయ్యాక చేలో మిగిలిన మొక్కల్ని వేళ్ళతో సహా పీకితే గానీ దుక్కి సాగదు. కొడవలితో కోస్తే మోళ్ళు ఎడ్ల కాళ్ళలో దిగుతాయి. నల్లరేగడి ఎండి బిగిసిందంటే ఆ మొక్క ఒకపట్టాన రాదు. ఆ పని ఆడకూలీలది. మీరా హుస్సేన్ లారీ కమాను పట్టీలు కోసి, వాటికి పళ్ళు దీసి, నడుమెత్తు ఇనుప గొట్టానికి పట్టకారులా బిగించాడు. పళ్ళ మధ్య మొక్క మొదలు ఇరికించి, పిడి కిందికి నొక్కితే మొక్క పైకి లేవాలి. లేవాలన్నమాటే గానీ లేవలేదు. మొదటిది విరిగింది. రెండోది మొక్కని కొరికేసింది. మూడోదాన్ని నొక్కితే ఆయనే పల్టీ కొట్టాడు. రెండేళ్ళలో పదకొండు చేశాడు. ఈలోగా అతుకులకి వచ్చిన రైతులు షెడ్డు ముందు కూర్చుని కూర్చుని విసిగి, పొరుగూరి దారి పట్టారు.

అప్పుడు నజీరాకి నిజంగానే కోపం వచ్చింది.

"ఒంగోల్లో బస్సు బాడీలు కట్టేకాడ మేస్త్రి పనుందని మా అన్న అలీ సాహెబ్ ఏడాదిగా పిలుస్తున్నాడు. ఈ షెడ్డుకి తాళమేసి పోదాం పద," అంది.

"ఈ ఒక్కటీ కానీ నజీరా. వ్యవసాయ ఆఫీసరు చూసి, పనికొస్తదని కాగితం రాస్తే నలుగురూ కొంటారు, ఇక్కడే ఉందాం. రాయకపోతే మర్నాడే ఒంగోలు బస్సెక్కుదాం. మళ్ళీ ఇట్టాంటివాటి జోలికి పోను." ఆమె చేతిలో చెయ్యి వేసి ఒట్టేశాడు.

పన్నెండో పట్టకారు కుదిరింది. అచ్చం అలాంటివే మరో అయిదు చేసి షెడ్డులో నిలబెట్టాడు. ఊరి బళ్ళో గురునాథం మాస్టారు అర్జీ రాసిపెట్టాడు. ఎనభై అయిదు మార్చిలో ఆఫీసరు వస్తున్నట్టు జవాబొచ్చింది. ఊళ్ళో మిగతా చేలన్నీ అప్పటికే దుక్కి అయిపోయాయి. దానయ్య అనే రైతు ఒక్కడే, మీరా హుస్సేన్ మొహం చూసి, ఎకరం కట్టె పీకకుండా ఉంచాడు.

ఆ రోజు మీరా హుస్సేన్ చొక్కా ఇస్త్రీ చేయించుకుని, ఆఫీసర్ని వెంటబెట్టుకు రావడానికి మొదటి బస్సుకే సత్తెనపల్లి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే కూలీల మేస్త్రి పిచ్చమ్మ నలుగురు ఆడవాళ్ళతో నజీరా గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మాయ్, జీపులో ఆఫీసరొస్తన్నాడంటగా! ఆ దానయ్య చేను చూస్తే అడివిలా ఉంది. మన సాయిబు పరువేంగాను? షెడ్డు తాళం తియ్యి, ఆ పట్టకార్లతో పీకేసి శుభ్రం చేద్దాం."

ఆ ఊరికి ఏ ఆఫీసరొచ్చినా ముందు దారి ఊడ్చి, ముగ్గు గీతలు గీయడం అలవాటు. నజీరా ఆ ఊరి మనిషే గదా, ఆలోచించనే లేదు. తన మొగుడి కోసం జీపు వస్తోందన్న సంబరంలో తాళం తీసి, అయిదు వాళ్ళకిచ్చి, ఆరోది తనే పట్టుకుంది. రెండేళ్ళుగా తిట్టిపోసిన ఆ ఇనుమును చేతబట్టడం అదే మొదలు. పిడి మీద కాస్త ఒళ్ళు వాల్చిందో లేదో, మొక్క వేళ్ళతో సహా లేచి వచ్చింది. ఇంకోటి పీకింది. చిన్నపిల్లలా నవ్వొచ్చింది. చేతుల్తో రెండు రోజులు పట్టే పని మధ్యాహ్నానికల్లా అయిపోయింది. కట్టె గట్టున పోగేసి, గట్టు వెంట ముగ్గు కూడా గీశారు.

జీపు వచ్చి ఆగింది. ఆఫీసరు దిగి, ఖాళీ చేను చూసి, "మొక్కలేవయ్యా?" అన్నాడు. మీరా హుస్సేన్ గట్టున పోగేసిన కట్టె వైపు చూశాడు.

"తమరొస్తన్నారని శుభ్రం చేశామండి," అంది పిచ్చమ్మ గొప్పగా.

"దేంతో పీకారు?"

"మన సాయిబు పట్టకారుతోనేనండి!"

"నేను చూళ్ళేదు గదమ్మా. చూడనిది చూశానని ఎలా రాసేది?" అన్నాడాయన. చెడ్డవాడేం కాదు, నొచ్చుకుంటూనే అన్నాడు. పొరుగూళ్ళో ఇంకా కట్టె పీకని చేలు ఉన్నాయని మాస్టారు బతిమాలితే గడియారం చూసుకుని, వచ్చే ఏడు మళ్ళీ అర్జీ పెట్టుకొమ్మని జీపెక్కాడు. అప్పుడు గానీ నజీరాకి తను చేసిన పనేమిటో తెలిసిరాలేదు.

ఇంటికొచ్చి మీరా హుస్సేన్ ట్రంకుపెట్టె దించాడు.

"తాళం తీసింది నేనే," అంది నజీరా. "ఒంగోలు పోవాలని కావాలనే చేశాననుకుంటున్నావా?"

"పిచ్చిదానా! కావాలని చేసేదానివైతే ఎప్పుడో వీటిని పాత ఇనుమోడికి వేసుండేదానివి." ఆ మాటతో ఆమెకి దుఃఖం ఇంకా పొంగింది. "మాటంటే మాటే. పొద్దున్నే బస్సు. పోయి పిచ్చమ్మ కాడున్న ఆ ఆరు పట్టకార్లూ పట్రా, దానయ్య కొట్టంలో పడేసి పోదాం," అన్నాడు.

ఆమె పిచ్చమ్మ ఇంటికి వెళ్ళింది. పిచ్చమ్మ వాకిట్లో అన్నం తింటోంది. పట్టకార్లు ఆరూ ఆమె వెనక గోడకి ఆనించి ఉన్నాయి.

"ఇయ్యను పో," అంది పిచ్చమ్మ. "ఏటా కట్టె పీకినన్నాళ్ళూ అరచేతులు రెండూ బొబ్బలెక్కి, గోంగూర కలిపితే భగ్గున మండేది. మా కోడలు పెడితే తినేదాన్ని. ఇయ్యాళ చూడు, నా చేత్తో నేను కలుపుకు తింటన్నా."

ఎర్రగా గోంగూర అంటుకున్న ఆ చేతిని నజీరా చూస్తూ నిలబడిపోయింది. ఉత్త చేతుల్తో ఇంటికొచ్చింది. మీరా హుస్సేన్ పరుపుచుట్టకి తాడు బిగిస్తున్నాడు.

"ఇవ్వనంది," అని, పిచ్చమ్మ అన్నదంతా చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "ఒంగోలు వద్దు. ఆ తాడు విప్పు."

"మరి నేనేసిన ఒట్టు?"

"నాకేగా వేశావు. తీసి గట్టున పెట్టు."

మీరా హుస్సేన్ తాడు ముడి విప్పాడు. తర్వాత మోచేత్తో కళ్ళు తుడుచుకుని, "నువ్వు కూడా పీకావుగా. పిడి బరువనిపించిందా?" అని అడిగాడు.