రిజిస్టరుకు బొట్టు పెట్టిన రోజు

మాది పొద్దుటూరులో బట్టల అంగడి. ఆయుధపూజ వచ్చిందంటే కత్తెర మొదలు కుట్టుమిషను దాకా అన్నిటికీ బొట్టు పెట్టాల్సిందే. ఆ అలవాటే నా కొంప ముంచబోయింది.

డిగ్రీ అయినాక ఒక యూనివర్సిటీ రికార్డు రూములో పనికి కుదిరినా. పాత రిజిస్టర్ల దుమ్ము దులిపి, నంబరు వేసి, యాడ చినిగింది, యాడ మరక ఉందని కంప్యూటర్ కేటలాగులో ఎక్కించాలి. చేతికి తొడుగు లేకుండా వాటిని ముట్టుకోకూడదు. అట్లాంటిది, పండగ ముందురోజు ఆఫీసులో పూజ చేస్తాంటే, నేను ఉత్సాహంగా పోయి యూనివర్సిటీ మొట్టమొదటి అడ్మిషన్ రిజిస్టరు తెరిచి, మొదటి పేజీకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేసినా!

తల ఎత్తితే ఎదురుగా రికార్డు రూము పెద్ద, మా జమ్మలమడుగు సారు.

"ఏందమ్మా ఇది? మరక పడకుండా చూడమని నిన్ను పెట్టుకుంటే నువ్వే బొట్లు పెడతాండావా?"

ఉద్యోగం పోయిందనుకున్నా. సారు భూతద్దం తీసి పేజీ మీదికి వంగినాడు. ఉన్నట్టుండి ఆయన భుజాలు ఊగినాయి. చూస్తే నవ్వుతాండాడు!

"ఈడ చూడు."

నా బొట్టు పక్కనే గోధుమరంగు మచ్చ. పోయిన నెల దాన్ని తుప్పు మరక అని కంప్యూటర్లో ఎక్కించింది నేనే. భూతద్దంలో చూస్తే అదీ బొట్టే, గుండ్రంగా పాతబడిన కుంకుమ, చుట్టూ పసుపు అంచు!

ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వినాం. తర్వాత సారు "తుప్పు మరక" తీసేయించి, దగ్గరుండి రాయించినాడు: "కుంకుమ బొట్లు రెండు. పాతది రిజిస్టరు మొట్టమొదట తెరిచినవారిది. కొత్తది కేటలాగు రాసినవారిది."

— ఒక పాఠకురాలు, పొద్దుటూరు