అన్ని డివైజుల్లోంచీ సైన్ అవుట్

నా వల్ల ఆ అమ్మాయికి పోయినవి మూడు: ల్యాప్‌టాప్‌లో మెయిల్, ఫోన్‌లో మెయిల్, ఆ మెయిల్లో ఉన్న ఇంటర్వ్యూ లింకు.

అమెరికాలో, రిచ్‌మండ్ బస్ స్టేషన్‌లో నా ఫోన్ చార్జింగ్ అయిపోతే, పక్క సీట్లో చదువుకుంటున్న తెలుగమ్మాయి తన ల్యాప్‌టాప్ ఇచ్చింది. నా మెయిల్ తెరిచి టికెట్ నంబర్ రాసుకున్నాను. "ఊరికే మూసేస్తే చాలదమ్మా, అన్ని డివైజుల్లోంచీ సైన్ అవుట్ చేయాలి" అని పాఠం చెబుతూ నొక్కాను. నొక్కింది నా ఖాతాలో కాదు, పక్కనే తెరిచి ఉన్న ఆమె ఖాతాలో.

మళ్ళీ తెరవబోతే కోడ్ అడిగింది. కోడ్ వెళ్ళేది ఆమె ఇండియా నంబర్‌కి. ఆ సిమ్ ఖమ్మంలో వాళ్ళమ్మ దగ్గరుంది. అక్కడ అర్ధరాత్రి, అమ్మ ఫోన్ ఎత్తలేదు.

"ఇంటర్వ్యూ ఎన్నింటికమ్మా?"

"ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది అంకుల్. మీ బస్ వచ్చేసింది, మీరెళ్ళండి. అమ్మ లేస్తుందిలెండి."

తర్వాతి బస్సు నలభై నిమిషాల్లోనే ఉందని నాకు తెలుసు. అయినా ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే ఆమె మళ్ళీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

లింకు దొరికిందో లేదో తెలియదు. ఆమె పక్కన కూర్చోవలసిన ఇరవై రెండు నిమిషాలు మాత్రం నేటికీ బాకీ.