నీళ్లొదిలాక రండి

బెజవాడ వచ్చేసిందని సామాన్లు దింపుకుని తలుపు దగ్గర నిలబడ్డాక, ఔటర్లో బండి ఆగిపోవడం ఈ ఊరివాళ్లకి అలవాటే. ఆ పాపంలో నా వాటా కూడా ఉండేది. నేను పట్టాల నిర్వహణ చూసే ఇంజనీరుని. ఊరు దాటి పొలాల్లోకి రాగానే నా సెక్షన్‌లో ఒకచోట పట్టాల కింది మట్టికట్ట కుంగేది. అక్కడ ప్రతి బండీ ముప్పై కిలోమీటర్ల వేగానికి దిగాలి. ఒకటి నెమ్మదిస్తే వెనకున్నవన్నీ ఆగాలి.

ఎక్కడో కొత్త రైలుకి దండలేసి కొబ్బరికాయ కొట్టేవారు. టీవీలో అది కనపడితే ఛానల్ మార్చేసేవాణ్ణి. అదీ ఆ ముప్పైలోంచే కదా దూరాలి! మా అక్క రైల్లోంచి ఫోన్ చేసి మరీ దెప్పేది. "ఏరా, మళ్లీ నీ దగ్గరే ఆగాం. దిగి నడిచొచ్చేయమంటావా?"

వరసగా రెండు వేసవుల్లో ఆ కట్టని బాగుచేశాం. పొలాలు ఎండి ఉంటే తప్ప లారీలు అక్కడికి రావు. తవ్వి, కంకర మార్చి, మిషన్‌తో దట్టించి, బండ్లు నడిపి చూస్తే ఎక్కడా వంక పెట్టడానికి లేదు. నేను మీసం మెలేసి వేగం పెంచించేవాణ్ణి. ఆగస్టు దాటకుండానే మళ్లీ కుంగేది.

మూడో వేసవిలో కట్ట మీద నిలబడి అందరి మీదా కేకలేస్తున్నాను. పట్టాలు బాగుచేసే గ్యాంగులో ఒకావిడ పార పక్కన పెట్టి వచ్చింది. పక్క ఊళ్లోనే కౌలుకి వరి వేసే మనిషి.

"కోప్పడనంటే ఒక మాట సార్."

"కోప్పడతాను. చెప్పమ్మా."

"యేటా కాలువ కట్టేసినప్పుడొచ్చి కట్ట గట్టిగా ఉందంటారు. ఎండిన మట్టి ఎక్కడైనా గట్టిగానే ఉంటదండి. నీళ్లొదిలాక రండి."

నేను బెజవాడ భవానీపురంలో పుట్టినవాణ్ణి. కాలువలు ఎప్పుడు కట్టేస్తారో, ఎప్పుడు వదులుతారో చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"అడిగితే కదండీ!"

ఆవిడే చోటు చూపించింది. కట్ట కింద పాత తూము ఒకటి ఉండేదట. పక్కన కొత్తగా మూడో రైలు లైను వేయడానికి మట్టి పోసినప్పుడు అది పూడిపోయింది. కాలువ వదిలాక చేలల్లో నీళ్లకి దారి లేక కట్ట కిందే ఊరుతున్నాయి. మేము యేటా పైన కంకర పోసుకుంటూ పోయాం. ఆ వేసవి తూముని తవ్వి తీసి, కొత్త లైను కిందుగా అవతలి దాకా పొడిగించాం.

పై అధికారి తొందరపెట్టాడు. "పనైందిగా, వేగం పెంచవయ్యా. కొత్త బండ్లు వస్తున్నాయి."

"కాలువ నిండుగా పారనివ్వండి సార్. అప్పుడు పెంచుతాను."

"అప్పుడు కుంగిందో, అక్కడ ముప్పై శాశ్వతం. నువ్వు ఆఫీసులో ఫైళ్లు చూసుకుందువుగాని."

సరేనన్నాను. నీళ్లొదిలారు. ఊడ్పులయ్యాయి. వానలు దంచికొట్టాయి. రోజూ పొద్దున్నే నేనూ ఆవిడా పట్టాల మట్టం కొలిచేవాళ్లం. తూములో నీళ్లు గలగలా పోతున్నాయి. నెల గడిచినా కట్ట పిసరంతైనా దిగలేదు! పై అధికారి స్వయంగా వచ్చి, కొలిచి, వేగం పెంచడానికి ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున హారన్ వినపడింది. ఇద్దరం కట్ట దిగి దూరంగా నిలబడ్డాం. కళ్లు మూసి తెరిచేలోగా ఇంజనూ పెట్టెలూ అన్నీ దూసుకుపోయాయి. నేను చిన్నపిల్లాడిలా గంతేశాను. "చూశావా అమ్మా! గెలిచాం!"

ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది.

"ఇదేంటండీ! ముప్పైలో పోయేటప్పుడు కిటికీల్లోంచి పిల్లలు నాకు టాటా చెప్పేవాళ్లు. ఇప్పుడు ఒక్క మొహమూ ఆనలేదు." మళ్లీ తనే నవ్వేసింది. "పోనీలెండి. తొందరగా ఇంటికి పోతారు, పాపం."

అంతలో ఇంకో హారన్. ఆవిడ చెయ్యెత్తింది, నేనూ ఎత్తాను. ఎవరికీ కనపడమని తెలిసినా, చివరి పెట్టె దాటేదాకా ఇద్దరం ఊపుతూనే ఉన్నాం.