మా డాబా కరెంటు ఎటు పోతుందో చెప్పిన అన్నయ్య

మొన్న మంగళవారం పొద్దున్న మా పక్కింటి లైన్‌మేన్ అన్నయ్య పోయారు. కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్న మనిషి అలాగే గోడకు వాలిపోయారని వాళ్ళ కోడలు పరుగెత్తుకొచ్చి చెప్పింది. ఉద్యోగం దిగిపోయి చాలా ఏళ్ళయినా చోడవరంలో మా వీధికంతటికీ ఆయన లైన్‌మేనే. నాకు తోడబుట్టినవాడు కాదు గానీ, నా భయాలు విసుక్కోకుండా విన్న మనిషి ఆయనొక్కరే.

నాకు భయాలు ఎక్కువ. గ్యాసు కట్టేశానో లేదోనని సగం దారిలో వెనక్కి వచ్చే రకం. అలాంటిదాన్ని, చెరకు డబ్బులు పెట్టి డాబా మీద సోలార్ పలకలు వేయించాను. వేసినవాళ్ళు స్విచ్ వేసి, కొత్త మీటరు తర్వాత వస్తుందని చెప్పి వెళ్ళిపోయారు. తగ్గుతుందనుకున్న బిల్లు ఆ నెల పెరిగింది. పలకలు పీకించి ఎంతకొస్తే అంతకు అమ్మేద్దామనుకున్నాను.

అన్నయ్య బిల్లు చూశారు. కంగారు లేదు సరికదా, ఆయన కళ్ళు మెరిశాయి. మిట్టమధ్యాహ్నం గొడుగు వేసుకొచ్చి, మా మీటరు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"సెల్లెమ్మా, ఫేను, ఫ్రిజ్జు, అన్నీ కట్టెయ్యి."

"దేవుడి దగ్గర బల్బు కూడా కట్టేసేనన్నయ్యా. ఆయనేటనుకుంటాడో!"

"ఏటీ అనుకోడు గానీ, ఇటొచ్చి సూడు."

మీటర్లో ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటోంది. ఇంట్లో ఏమీ వాడకుండానే లెక్క ఎక్కిపోతోంది. నేను మళ్ళీ ఇంట్లోకెళ్ళి స్విచ్చులన్నీ చూసొచ్చాను. ఆయన మాత్రం వింత చూసినట్టు నవ్వుతున్నారు.

"నీ డాబా మీద కరెంటు బయటికి పోతంది. ఈ పాత మీటరుకి వచ్చిందేటో, పోయిందేటో తెలీదు. కరెంటు కదిల్తే సాలు, నువ్వే వాడేవని రాసేస్తంది."

అంటే నేను ఇచ్చినదానికి నేనే బిల్లు కడుతున్నానన్నమాట!

సోలార్ స్విచ్ కట్టేయించి, మర్నాడే నన్ను కరెంటాఫీసుకు తీసుకెళ్ళారు. స్మార్ట్ మీటరు పెడితేనే బయటికి పోయిన కరెంటుకి డబ్బులిస్తారట, అది పెడితే ఎక్కడో కూర్చుని మన కరెంటు తీసేస్తారట అని వీధిలో విన్నవన్నీ దారి పొడుగునా చెప్పాను.

"స్మార్టూ లేదు, గీర్టూ లేదు. వచ్చింది వేరు, పోయింది వేరు సూపించే మీటరైతే సాలు. రీడింగాయనొచ్చి రెండంకెలూ రాసుకుంటాడు" అన్నారు. ఆఫీసులోనూ అదే మాట చెప్పారు.

ఆ మీటరు వచ్చాక, రెండంకెలూ నెలనెలా క్యాలెండరు మీద రాయడం ఆయనే నేర్పారు. నాకొచ్చిన చదువు అంతంతమాత్రం. "పోయింది ముందు రాయి. అది నీ పంట" అనేవారు.

అయినా నా బుద్ధి మారలేదు. రెండు రోజులు రోలుగుంట వెళ్తూ పలకల మీద టార్పాలిన్ కప్పేసి వెళ్ళాను. ఆ మధ్యాహ్నమే అన్నయ్య ఫోన్.

"ఏటమ్మా, సూర్యుడికి దుప్పటి కప్పేసి ఎల్లిపోయేవు?"

"ఇంట్లో ఎవరూ లేరు కదా, ఊరికే పోతాదని..."

"దాసుకోడానికి అదేటి, బెల్లం దిమ్మా? పోనీ. పోయినంతా నీ లెక్కలోనే పడతాది."

"ఎక్కడికి పోతాదన్నయ్యా?" ఎన్నాళ్ళుగానో నా మనసులో ఉన్న ప్రశ్న అది.

"ఎక్కడికో పోదు. ముందు పక్కింటికే. మా ఫేను తిరిగేది నీ కరెంటుతోనేమో! బిల్లు నేను కడతన్నాను, జమ నీకవుతంది. మొగమాటమేటి?"

ఆ వయసులో నిచ్చెనెక్కి టార్పాలిన్ తానే తీసేశారు. మొదటిసారి నా ఖాతాలో డబ్బులు పడ్డప్పుడు పాస్‌పుస్తకం పట్టుకెళ్ళాను. ఎంత పడిందో చూడలేదాయన. నా క్యాలెండరు అంకెలే వేలితో చదువుకుంటూ, "ముసురు పట్టిన నెల్లో కూడా ఇంత పోయిందేటి!" అని చిన్నపిల్లాడిలా ఆశ్చర్యపోయారు. పలకలు పీకించే మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

మొన్న ఆ మంగళవారం, కూతురు హైదరాబాదు నుంచి రావాలని, ఆయన్ని ఐసు పెట్టెలో ఉంచారు. దాని వైరు వాళ్ళ వరండా ప్లగ్గులో పెట్టారు. ఎండ పేలిపోతోంది. చూసి ఇంటికి వచ్చాను. ఫేను కట్టేశాను. ఫ్రిజ్జు కట్టేశాను. దేవుడి దగ్గర బల్బు కూడా కట్టేశాను. డాబా ఎక్కి తడిగుడ్డతో పలకలన్నీ తుడిచి, దిగి మీటరు ముందు నిలబడ్డాను.

బయటికి పోయింది చూపించే అంకె మారుతోంది. గోడకవతల ఐసు పెట్టె మోటారు సన్నగా మోగుతోంది.