కోసిన తీగ, బాపు చెవి

నా చిన్నప్పుడు మేడ్చల్ చుట్టూ ద్రాక్షతోటలుండేవి. మా బాపు శామీర్‌పేట దారిలో ఒక తోటకు మేస్త్రీ. దసరా దాటితే తీగల కటింగ్ మొదలయ్యేది. కోసిన కొనల నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారేవి. నాకు జాలేసి వాటికి మన్ను పూసేదాన్ని. బాపు కసిరేవాడు. "ముట్టకు బిడ్డా, అదే ఆగుతది" అనేవాడు. నా చేతులు ఊరికే ఉంటేగా.

నాకు పదేళ్లప్పుడు పందిరి ఇనుప తీగ బిగిస్తుంటే అది తెగి, బాపు వెల్లకిలా పడ్డాడు. తల పందిరి మోసే రాతికడీకి కొట్టుకుంది. లేచి దులుపుకొని నడిచే ఇంటికొచ్చాడు. సాయంత్రానికి కుడి చెవిలోంచి నెత్తురు కలిసిన నీళ్లు కారడం మొదలైంది.

మా అవ్వది పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం, వెల్లుల్లి వేసి కాచిన నూనె. రెండు చుక్కలు పోసింది. దూది ఉండ చేసి చెవిలో గట్టిగా కూరింది మాత్రం నేనే. కారడం ఆగిందని మురిసిపోయాను కూడా.

అంతలో పక్కింటి చాచి వచ్చింది, మాకు పిన్ని వరస. ఆమె అల్వాల్‌లో ఒక దవాఖానాలో ఆయా. చూస్తూనే నూనె ఓడుతున్న దూది తీసేసి, చెవి కింద తెల్లగుడ్డ పరిచింది. చుక్క పడింది. నడుమ ఎర్రటి మచ్చ, దాని చుట్టూ నీళ్ల వలయం. చాచి ముఖం పాలిపోయింది.

"గిది చెవి నీళ్లు గాదు బేటా, మెదడు చుట్టూ ఉండే నీళ్లు. బయటి మైల లోపలికి పోతే జరం పట్టుకుంటది. నూనె ఎన్ని చుక్కలు పోసిన్రు?"

అవ్వ నూనె గిన్నె వెనక్కి జరిపింది. నేనే రెండు వేళ్లు చూపించాను.

జీపులో పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. స్కానింగ్ తీసి, చెవి వెనక ఎముక చిట్లిందన్నారు. నేనేదో పెద్ద వైద్యం చేస్తారనుకున్నాను. చెవిలో ఏమీ పెట్టొద్దు, తల ఎత్తులో ఉంచి కదలకుండా పడుకోబెట్టండి, ముక్కు చీదనివ్వొద్దు, చాలావరకు దానంతటదే మూసుకుంటుంది అన్నారు. పది రోజుల్లో ఆగకపోతే ఆపరేషన్. జ్వరమొస్తే మాత్రం ప్రాణానికే ముప్పు.

అంటే ఊరికే చూస్తూ కూర్చోవాలన్నమాట. అంతకన్నా నరకం లేదు. పొద్దున్నే బాపు నుదురు తాకి చూసే పని అవ్వకే వదిలేసేదాన్ని. వెచ్చగా ఉంటే అది నా దూది చేసిన పనే. ఎవరికీ చెప్పుకోలేను, చేయడానికి ఏమీ లేదు. చాచి డ్యూటీ దిగి వచ్చినప్పుడు నా అవస్థ కనిపెట్టింది కాబోలు, తెల్లగుడ్డ మడిచి నా చేతుల్లో పెట్టింది. "నీ పని గిదే. రెండు చేతులతోని పట్టుకో, ఇడవకు" అంది. చెవికి తగలకుండా దాని కింద గుడ్డ పట్టుకొని కూర్చునేదాన్ని. అదేదో గొప్ప పనే అనుకున్నాను. నా చేతులు చెవి జోలికి పోకుండా కట్టేసిందని పెద్దయ్యాక గానీ తెలియలేదు.

తొమ్మిదో రోజు గుడ్డ పొడిగా ఉంది. మర్నాడూ అంతే. జ్వరం రాలేదు. ఆ చెవికి వినికిడి మాత్రం పోయింది. ఇంటికొచ్చాక బాపుకు ఏడుస్తూ దూది గురించి నా భయమంతా చెప్పాను. రెండో చెవి ఇటు తిప్పి విన్నాడు. "తీగకు మన్ను పూసినదానివి, నన్ను ఇడుస్తవా?" అని నవ్వాడు.

మొన్న చాచి మంచాన పడింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. నేను పోయి దిండు సర్దాను, దుప్పటి సర్దాను, నీళ్లు తాగుతావా అని పదిసార్లు అడిగాను. మాట్లాడే ఓపిక లేదు ఆమెకు. కాసేపు నన్నే చూసి, మెల్లగా తన కొంగు చివర నా చేతుల్లో పెట్టింది.

రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాను.