మగ్గానికి కప్పిన దుప్పటి

లాక్‌డౌన్ పెట్టగానే కర్నూలులో మా హాస్టల్ మూసేసి అందరినీ ఇళ్లకు తోలేశారు. మాది ఎర్రగుంట్లకు దగ్గర్లో ఒక నేతగాళ్ల ఊరు. ఇల్లంతా కలిపి రెండు గదులు. ముందు గదిని గుంట మగ్గం ఆక్రమించుకుంటే, వెనక గదిలో పొయ్యి, మేం ముగ్గురం. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న నాకు ఆ ఇల్లంటే ఎంత చులకనో చెప్పుకోవడానికి ఇప్పుడు నోరు రాదు. అయినా చెప్తాను.

పొద్దున తొమ్మిదికి ఆన్‌లైన్ క్లాసు. అదొక క్లాసు, ఆయనొక సారు. "వినపడుతోందా, వినపడుతోందా" అంటూ సగం సేపు గడిపి, మిగతా సగం పుస్తకాన్ని ఉన్నదున్నట్టు చదివేవాడు. మేం హాజరు వేయించుకుని ఫోన్లు బోర్లించి పడుకునేవాళ్లం. వీధిలోవాళ్లు అంతకంటే ఘనులు. మాస్కు గడ్డం కిందికి దించుకుని, మిరియాల కషాయం తాగితే రోగం దగ్గరికి రాదని ఒకరి మొహంలో మొహం పెట్టి ఒకరు చెప్పుకునేవాళ్లు.

అందరికంటే నాకు లోకువ మా నాయన. నూలు రాక మగ్గం ఆగిపోయింది. ఆఖరి చీర కోశాక, దువ్వెనలాంటి అచ్చు సందుల్లో మిగిలిన మూరెడు పోగులను ఆయన కుచ్చులుగా ముడేసి, పైన తాడుకు వేలాడదీశాడు. రోజూ వాటి మీది దుమ్ము విదిలించి, దీపం పెట్టి, నేయడానికి ఏమీ లేకపోయినా గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. చూస్తే నాకు ఒళ్లు మండేది.

"ఆ పోగులు ముట్టుకోవాకు," అనేవాడు. "కొత్త పడుగు వస్తే మీ అమ్మ పోగుకు పోగు మెలిపెట్టి ఒగ దినంలో అతికేస్తాది. అవి పోతే అచ్చులోకి మళ్లా ఒగటొగటే దూర్చాల. వారం పడతాది. సావుకారి దగ్గర నూలు కొంచెమే ఉండాదంట. అచ్చు తయారుగా పెట్టుకున్నోనికే ఇస్తాడంట."

విన్నాను. అర్థమైంది కూడా. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

వైవా, అంటే నోటి పరీక్ష రోజు కెమెరా ముందు కూర్చోవాలన్నారు. ఇంట్లో సిగ్నల్ అందేది మగ్గం పక్క కిటికీ దగ్గరే. అక్కడ కూర్చుంటే సరిగ్గా నా తల వెనక ఆ కుచ్చులు కనబడుతున్నాయి. నేను నేతగాడి కొడుకునని కాలేజీలో ఎవరికీ తెలియదు. మా నాయనది బట్టల వ్యాపారమని కోతలు కోసి ఉన్నాను. ఆ పూట అమ్మా నాయనా రేషన్ షాపుకు పోయారు. తాడు విప్పి కుచ్చులను పక్కకు జరపబోతే చిక్కుపడ్డాయి. ఛీ, ఈ పీలికలకా ఇంత పూజ, అనుకుని కత్తెర అందుకున్నాను. కుచ్చులు కోసేసి, అచ్చులో ఇరుక్కున్న ముక్కలు కూడా లాగిపారేసి, మగ్గం మీద దుప్పటి కప్పాను.

సారు తెర మీద కనబడ్డాడు. పేరు, రోల్ నంబరు అడిగాడు. "నెట్ స్లోగా ఉంది, వీడియో ఆపేయ్," అన్నాడు. ఒక ప్రశ్న వేసి, నేను జవాబు చెబుతుండగానే ఇంకొకణ్ణి పిలిచాడు. దాని కోసం ఇస్త్రీ చొక్కా వేసుకుని తల దువ్వుకున్న మొనగాణ్ణి నేను.

నాయన భుజాన బియ్యం సంచితో వచ్చి దుప్పటి చూశాడు. "దుమ్ము పడకుండా కప్పినావా? శానా మంచి పని చేసినావు," అన్నాడు. వెనక వస్తున్న అమ్మకు కూడా చూపించాడు. నేను ఫోన్లోకి తల దూర్చాను.

మధ్యాహ్నం సావుకారి గుమాస్తా స్కూటరు మీద పడుగు చుట్ట పెట్టుకుని వచ్చాడు.

"ఏమప్పా, అచ్చు తయారుగా ఉండాదా?"

"నెలల నుంచి తయారే," అని నాయన నవ్వుతూ దుప్పటి తీశాడు.

అచ్చులో ఒక్క పోగు లేదు. నాయన నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"పోగులు యాడప్పా?"

"నేనే తీసేసినా. పాతబడినాయని," అన్నాడు నాయన.

గుమాస్తా పడీపడీ నవ్వాడు. "ముప్పై ఏండ్లుగా నేస్తాండావు, ఈ మాత్రం తెలీదా? నీకు తలకాయ ఉండాదా?"

అన్ని రోజులూ నేను లోలోపల నవ్విన నవ్వే అది. ఇంకొకడి నోట వింటే సహించలేకపోయాను. అయినా కోసింది నేనని చెప్పకుండా గోడవారకు జరిగాను. నాయన తల వంచుకుని నిలబడ్డాడు. స్కూటరు పడుగుతో సహా వెనక వీధికి పోయింది. అమ్మ మగ్గం దగ్గర కూర్చుని ఖాళీ అచ్చును వేళ్లతో తడుముతూ ఉండిపోయింది.

నాయన దుప్పటి మడతపెట్టి నా చేతికిచ్చాడు.

"పరీక్ష బాగా రాస్తివా?" అన్నాడు.

"బాగా రాసినా," అన్నాను.