స్లావ్కా నీళ్ల తొట్టి

మా వైద్య కళాశాలలో పై అంతస్తుల వాళ్లకి ఒకరి మొహం ఒకరికి తెలియదు. గుండె వాళ్లు ఆరో అంతస్తులో, కంటి వాళ్లు నాలుగో అంతస్తులో, కిడ్నీల వాళ్లు నది వైపు కొత్త భవనంలో. లోకంలో తమ పరిశోధన ఒక్కటే ఉన్నట్టు ఎవరికి వారు తిరుగుతుంటారు. వాళ్లందరూ కలిసే చోటు ఒకటుంది. అది నేలమాళిగలో స్లావ్కా పావ్లిచ్‌కో ముందుండే నీళ్ల తొట్టి. వ్యాసం చివర కృతజ్ఞతలు రాసేటప్పుడు పెంపుడు కుక్కని కూడా మరిచిపోని మహానుభావుల్ని చూశాను గానీ, స్లావ్కా పేరు రాసినవాళ్లని నా పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఇద్దరినే చూశాను.

ఆవిడ పని కోత. రోగి ఒంట్లోంచి తీసిన ముక్క మైనపు దిమ్మలో ఇమిడి మా దగ్గరికి వస్తుంది. దాన్ని యంత్రానికి బిగించి చక్రం తిప్పితే, వెంట్రుక కన్నా పల్చని పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా జారతాయి. గోరువెచ్చని నీళ్ల మీద వదిలితే ఆ రిబ్బను ముడతలు విప్పుకుని పరుచుకుంటుంది. అప్పుడు అడుగు నుంచి గాజు స్లైడు పెట్టి పైకెత్తాలి. ఒక దిమ్మ అయ్యాక, ఇంకోటి మొదలుపెట్టే ముందు నీళ్ల మీద టిష్యూ కాగితం అడ్డంగా లాగాలి. లేకపోతే మొదటి మనిషి తునక నీళ్ల మీద మిగిలిపోయి రెండో మనిషి స్లైడు మీదికి ఎక్కుతుంది. అందరం ఒకసారి లాగితే స్లావ్కా రెండుసార్లు లాగేది.

"ఒకరి ఎంగిలి ఇంకొకరికి పెడతామా ఎక్కడైనా?" అనేది.

పొట్టి మనిషి. గోధుమ పొలాల్లో పుట్టి పెరిగిన చేతులు, ఆ చేతులకి నప్పని సున్నితమైన పని. మధ్యాహ్నం సీసాలో తెచ్చుకున్న బీట్‌రూట్ సూపు తాగుతూ రేడియోలో కర్లింగ్ ఆట, అదే మంచు మీద బరువైన రాళ్లు జార్చే ఆట, వినేది. రాయి గురి తప్పితే ఆడినవాణ్ణి పేరుపేరునా తిట్టేది. చెయ్యి మాత్రం వణికేది కాదు.

కిడ్నీల వాళ్లది ఒక పెద్ద పరిశోధన ఉంది. కొందరు రోగుల్నే పద్దెనిమిదేళ్లుగా వెంటబడి చూస్తున్నారు. చెయ్యి మారితే పొర మందం మారుతుందని, మొదటి దిమ్మ నుంచీ అన్నీ స్లావ్కాయే కోసింది. ఆఖరి దిమ్మ మే నెలలో వస్తుంది. ఆ వారమే ఆవిడ రిటైర్మెంటు. దాన్ని తన చేత్తో ముగించి వెళ్లాలన్నది ఆవిడకి మిగిలిన ఒక్క కోరిక. అయితే మా విభాగంలో నియమం ఒకటుంది. ఎవరి నిర్లక్ష్యం వల్లనైనా ఒక్క స్లైడు పాడైందని తేలితే, అలాంటి పరిశోధనలోంచి వాళ్లని తప్పిస్తారు.

ఇక నా సంగతి చెప్పాలి. ఆ ఫిబ్రవరిలో నా తొట్టి హీటరు పాడైతే స్లావ్కా తొట్టి వాడుకుంటున్నాను. ఒక మంగళవారం థైరాయిడ్ దిమ్మ ఒకటి కోస్తున్నాను. మూడింటికి మా విభాగానికీ ఎముకల వాళ్లకీ కర్లింగ్ పోటీ. నేనే కెప్టెన్ని. గబగబా ముగించి లేచాను.

చేతులు కడుక్కుంటున్న స్లావ్కా వెనక్కి తిరక్కుండానే అడిగింది. "తుడిచావా డెల్మరూ?"

"ఆఁ, తుడిచాను."

తుడవలేదు. కాగితాల డబ్బా అవతలి బల్ల మీద ఉంది. నాలుగడుగులు వెయ్యాలి, వెయ్యలేదు. అంతే. కొత్తవాళ్ల మాట ఆవిడ నమ్మేది కాదు, వాళ్లు తుడిచాక మళ్లీ తనే తుడిచేది. నా మాట నమ్మింది. కిడ్నీ దిమ్మ బిగించి కోత మొదలుపెట్టింది. మేం ఆ పోటీ ఓడిపోయాం కూడా.

ఎనిమిది రోజుల తర్వాత కిడ్నీల డాక్టరు బుషే రెండేసి మెట్లు దిగుతూ వచ్చాడు. ఆ పరిశోధన ఇప్పుడు ఆయన చేతిలో ఉంది. చిన్నవాడు, మంచివాడు, తొందర మనిషి.

"స్లావ్కా గారూ, డెల్మర్, ఇటు రండి! కిడ్నీలో థైరాయిడ్ కణాలు! పద్దెనిమిదేళ్లలో ఎప్పుడైనా చూశామా?"

"ముందు ఊపిరి పీల్చుకోండి డాక్టరు బాబూ. మీకేమన్నా అయితే మీ ముక్కలు కూడా నేనే కొయ్యాలి."

"నవ్వులాట కాదండీ. మెడలో క్యాన్సరు పుట్టి కిడ్నీ దాకా పాకిందన్నమాట. ఆ పేషెంటావిడకి ఇంకా తెలియదు. శుక్రవారం రమ్మని ఇవాళ ఫోన్ చేయిస్తున్నాను. నూట యాభై కిలోమీటర్లు, ఈ చలిలో... ఎలా చెప్పాలో ఏమిటో."

ఆయన తెచ్చిన స్లైడు పెట్టి స్లావ్కా సూక్ష్మదర్శిని మీదికి వంగింది. మర చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

"చూడండి. కిడ్నీ స్పష్టంగా కనిపిస్తే ఈ గుంపు మసకేస్తోంది. గుంపు స్పష్టమైతే కిడ్నీ మసకేస్తోంది. రెండూ ఒక ఎత్తులో లేవు. ఇది అక్కడ పుట్టింది కాదు బాబూ, వచ్చి వాలింది."

ఆయన నమ్మలేదు. ఆవిడ ఆ దిమ్మనే తెప్పించి, తాజాగా నాలుగు పొరలు కోసి, రంగు వేసి చూపించింది. నాలుగింటిలోనూ ఒట్టి కిడ్నీ. ఆ తర్వాత రోజువారీ పుస్తకం తెరిచి, ఆ మంగళవారం తొట్టిలోకి ఏ దిమ్మ తర్వాత ఏ దిమ్మ వచ్చిందో వేలు పెట్టి చూసింది. కిడ్నీ దిమ్మకి పై వరుసలో థైరాయిడ్. దాని పక్కన నా సంతకం. వేలు అక్కడ ఆగింది. పుస్తకం మూసేసింది.

"ఆవిడకి ఫోన్ చెయ్యొద్దని చెప్పండి. నేను నీళ్లు తుడవకుండా కోశాను. తప్పు నాది."

"మీరా? మీరు తుడవకపోవడమా?"

"నేనూ మనిషినే కదా బాబూ."

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. నా బతుకులో నేను ఇంకే పనికీ అంత సిగ్గుపడలేదు. మెట్ల దాకా వెళ్లి ఆవిడ డాక్టరుతో ఏదో మెల్లగా చెప్పి తిరిగొచ్చింది. నన్ను తిట్టినా బాగుండేది. తిట్టలేదు. సాయంత్రం కోటు తొడుక్కుంటూ మామూలుగానే పలకరించింది.

"బయట మైనస్ ముప్ఫై ఎనిమిదట. కారు ఇంజను గడ్డకట్టకుండా హీటరు ప్లగ్గు పెట్టావా?"

"పెట్టాను."

"పెట్టావా, పెట్టాననుకున్నావా?"

ఆ మాట అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే నది వైపు భవనానికి వెళ్లాను. బుషే బల్ల మీద తప్పు నమోదు చేసే కాగితం ఉంది. పేరు రాసే చోటు ఖాళీగా ఉంది.

"డాక్టరు గారూ, ఆ థైరాయిడ్ నేను కోసింది. తుడిచావా అని ఆవిడ అడిగింది. తుడిచానని చెప్పాను. అబద్ధం చెప్పాను."

"కూర్చో డెల్మర్. వస్తావని ఆవిడ చెప్పింది."

"ఏమని?"

"'రేపు మధ్యాహ్నం దాకా పేరు రాయకండి, ఎవరూ రాకపోతే నాదే రాయండి' అంది. 'ఎవరొస్తారండీ' అని అడిగాను. 'వస్తాడు లెండి' అంది."

ఆ కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

కాగితం మీద నా పేరెక్కింది. అడిగి, జవాబు విన్నాకే కోసింది కాబట్టి స్లావ్కాని పరిశోధనలో ఉండనిచ్చారు. నన్ను మాత్రం రెండు నెలలు మళ్లీ పని నేర్చుకోమన్నారు. పంతొమ్మిదేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, నేర్చుకునేవాళ్ల పసుపు బిళ్ల కోటుకి తగిలించుకుని, నేర్పేవాళ్ల తొట్టి దగ్గర కూర్చోవాలి. నేర్పేది ఎవరో చెప్పక్కర్లేదు.

"తుడిచావా?" రోజుకి అరవైసార్లు.

నోటితో జవాబిస్తే ఒప్పుకునేది కాదు. తడిసిన కాగితం ఎత్తి చూపించాలి. చూపించాక కూడా తనే వచ్చి ఇంకో రెండుసార్లు లాగేది. అలా మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది. నది మీద మంచు విరిగింది. నా గడువు తీరి పసుపు బిళ్ల తీసేశారు. నా తొట్టి హీటరు ఎప్పుడో బాగైనా నేను ఆవిడ పక్కనుంచి కదల్లేదు.

మే నెలలో ఆఖరి కిడ్నీ దిమ్మ వచ్చింది. దానికి ముందు తొట్టిలో ఉన్నది నా దిమ్మే, ఎవరిదో ఊపిరితిత్తి. ముగించి, తుడిచి, ఇంకోసారి తుడిచి, తడి కాగితం పట్టుకుని చెయ్యెత్తాను. స్లావ్కా నావైపు చూడలేదు. చక్రం తిప్పుతోంది. రిబ్బను జారుతోంది. "తుడిచావా?" అని అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు. కాగితాల డబ్బా ఇప్పుడు ఆవిడ మోచేతి పక్కనే ఉంది. దాన్నీ అందుకోలేదు. పద్దెనిమిదేళ్ల పనిలో ఆఖరి రిబ్బనుని రెండు చేతులా ఎత్తి, నేను తుడిచిన నీళ్ల మీద వదిలింది.